గుంతల రోడ్డు మీద బండి నడపడం ఎలా? వరంగల్, ఉత్తర తెలంగాణ వాహనదారులకు సమగ్ర మార్గదర్శి

"అన్నా, భూపాలపల్లి రోడ్డు ఎట్లుంది? రాత్రిపూట పోవచ్చా?" వానలు మొదలైతే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. రోడ్డు ఎట్లుందో చెప్పడం కష్టం. నిన్న సాయంత్రం బాగున్న చోట పొద్దున్నే కంకర తేలి ఉంటుంది. ఎలా పోవాలో మాత్రం వివరంగా చెప్పగలను. హనుమకొండ నుంచి ములుగు, పరకాల, హుజూరాబాద్ వైపు బైకు మీద, కారులో ఏళ్ల తరబడి తిరిగి నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. నేను కళ్లారా చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం గుంతలో పడి జరిగినవి కావు. గుంతను తప్పించబోయి, చివరి క్షణంలో హ్యాండిల్ తిప్పి, ఎదురుగా వచ్చే బండికో వెనక వచ్చే లారీకో అడ్డం పోయి జరిగినవే. అందుకే కింద రాసిన ప్రతి మెట్టూ ఒక్క పని కోసమే: గుంత దగ్గరికి వచ్చేసరికి మీ వేగం ముందే తగ్గి ఉండాలి.

1. బయలుదేరే ముందు బండిని చూసుకోండి

టైర్ల గాలితో మొదలుపెట్టండి. పొద్దున, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. కారుకైతే డ్రైవర్ డోర్ తెరిస్తే లోపలి అంచున స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. బైకుకు చైన్ కవర్ దగ్గరో, వెనక చక్రం పక్కనో ఉంటుంది.

చాలామంది "గుంతల రోడ్డు కదా, మెత్తగా పోతుంది" అని గాలి తగ్గిస్తారు. అది తప్పు. గాలి తక్కువైతే గుంత అంచు తగిలినప్పుడు టైరు నలిగి రిమ్ము నేరుగా దెబ్బ తింటుంది, టైరు పక్క గోడ లోపల తెగుతుంది. కంపెనీ చెప్పినంతే పెట్టండి, ఎక్కువా వద్దు.

టైరు గాడుల అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైందంటే మార్చాల్సిందే. కారు టైరుకు గాడి లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలి.

బైకు ముందు ఫోర్క్ పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి పైకి లేచి ఆగితే మంచిదే. రెండు మూడు సార్లు ఊగినా, ఫోర్క్ రాడ్ మీద నూనె తడి కనిపించినా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నడిమధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్) పోయింది. ఆ బండి గుంతలో పడ్డాక నేరుగా పోదు.

బయలుదేరే ముందు చెక్‌లిస్ట్:

- నాలుగు టైర్లు, స్టెపినీ గాలి. స్టెపినీని చాలామంది మరచిపోతారు.
- జాకీ, వీల్ పానా డిక్కీలో ఉన్నాయా
- హెడ్‌లైట్ అద్దం తుడిచారా, వెలుగు రోడ్డు మీద పడుతోందా, చెట్ల మీద పడుతోందా
- వెనక బ్రేకు లైటు వెలుగుతోందా
- రెండు సైడు అద్దాలు ఉన్నాయా
- ఐఎస్‌ఐ హెల్మెట్, గడ్డం కింద పట్టీ బిగించి. పట్టీ పెట్టని హెల్మెట్ మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది.

2. వెనక కూర్చునేవారిని సిద్ధం చేయండి

దీన్ని విడిగా రాయడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కింద మా అమ్మను బైకు మీద ఒక ఊరికి తీసుకెళ్తున్నాను. చీకటి పడుతోంది, వాన అప్పుడే వెలిసింది. పైపు కోసం రోడ్డును అడ్డంగా తవ్వి, మట్టి కప్పి వదిలేసిన కాలువ ఒకటి నీళ్లతో నిండి ఉంది. నాకది తడి తారులాగే కనబడింది. దగ్గరికి వచ్చాక తెలిసి, కాలువలో ముందు చక్రం దిగుతుండగా బ్రేకు గట్టిగా పట్టాను. బండి పడలేదు. ఒకవైపు కూర్చున్న అమ్మ మాత్రం జారి రోడ్డు మీద పడింది. కాలర్ బోన్ విరిగింది. ఆ కాలువ ఒక జానెడు లోతు ఉంటుంది, అంతే. నేను బ్రేకు పట్టకుండా నెమ్మదిగా దాటించి ఉంటే ఆమె పడేది కాదు.

అప్పటి నుంచి నేను పాటించేవి ఇవి:

- వీలైతే రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోమనండి. చీరతో కుదరదంటే వెనక ఉన్న గ్రాబ్ రెయిల్‌ను ఒక చేత్తో, నా నడుమును మరో చేత్తో పట్టుకోవాలి.
- చంటిపిల్లను ఒడిలో పెట్టుకుని ఒకవైపు కూర్చుని గుంతల రోడ్డు మీద ప్రయాణం వద్దు. రెండు చేతులూ పిల్లకే పోతాయి, తల్లికి పట్టు ఉండదు. ఆ రోజు బస్సో, ఆటోనో చూసుకోండి.
- కొంగు, చున్నీ చక్రానికి దూరంగా లోపలికి దోపుకోవాలి.
- "గుంత వస్తోంది, పట్టుకో" అని ముందే చెప్పే అలవాటు చేసుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

3. ఏ దారి, ఏ వేళ

దగ్గరి దారి కంటే తెలిసిన దారి మేలు. ఫోనులో మ్యాప్ రెండు కిలోమీటర్లు తగ్గుతాయని ఊళ్ల మధ్య నుంచి తీసుకుపోతుంది, అక్కడ లోలెవల్ వంతెన ఉందో లేదో దానికి పట్టదు. వానల్లో 163వ నంబరు జాతీయ రహదారి (హనుమకొండ, ములుగు, ఏటూరునాగారం), 563 (జగిత్యాల, కరీంనగర్, వరంగల్, ఖమ్మం), 353సి (ఆత్మకూరు, పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం) వంటి పెద్ద రోడ్లనే నమ్ముకోండి. విస్తరణ పనులు జరిగే చోట డైవర్షన్ మట్టి రోడ్డు ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

బొగ్గు, ఇసుక, గ్రానైట్ లారీలు తిరిగే దారులు, అంటే భూపాలపల్లి, మహాదేవపూర్, గోదావరిఖని, కరీంనగర్ చుట్టుపక్కల, మిగతా రోడ్ల కంటే త్వరగా చెడతాయి. బరువు బండి వెళ్లే ఎడమ వరుసలోనే రోడ్డు కుంగి, చక్రాల జాడల్లో రెండు పొడుగాటి కాలువలు పడతాయి. వానకు అవి నిండుతాయి. ఆ జాడల నుంచి కాస్త పక్కకు, మీ వరుసలోనే ఉండి నడపండి.

ప్రయాణాన్ని వెలుతురు ఉండగా ముగిసేలా వేసుకోండి. కుదరకపోతే గంట ప్రయాణానికి గంటన్నర పెట్టుకోండి. తొందరే సగం ప్రమాదాలకు మూలం అని మనందరికీ తెలుసు, అయినా ఆలస్యంగానే బయలుదేరుతాం.

4. గుంతను దూరం నుంచే పసిగట్టండి

గుంత పడే చోట్లు దాదాపు మారవు. తారులో పగులు పడుతుంది, నీళ్లు దిగుతాయి, కింది పొర మెత్తబడుతుంది, పైన చక్రం తొక్కిన ప్రతిసారీ ఆ నీరు కంకరను బయటికి చిమ్ముతుంది. కాబట్టి నీళ్లు నిలిచే చోట, బరువు బండ్లు మలుపు తిరిగే చోట చూడండి.

- కల్వర్టుకు రెండు చివర్లూ: వంతెన గట్టిగా ఉంటుంది, పక్క మట్టి కుంగుతుంది. మెట్టులాగా తయారవుతుంది.
- రైస్‌మిల్లు, జిన్నింగ్ మిల్లు, క్రషర్, పెట్రోలు బంకు గేట్ల ముందు
- చెరువు కట్ట కింద, పొలాల మధ్య పల్లంలో
- ఊరి మొదట్లో పైపులకు తవ్వి పూడ్చిన అడ్డగీతలు
- స్పీడ్ బ్రేకర్ దాటగానే
- నల్లరేగడి నేలల్లో: వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకునే నేల కాబట్టి రోడ్డు అలలు అలలుగా లేస్తుంది, పొడవునా చీలుతుంది. బైకు చక్రం ఆ చీలికలో ఇరుక్కుంటే హ్యాండిల్ తిరగదు.

ముందు బండిని చదవడం నేర్చుకోండి. లారీ వెనక భాగం ఒక్కసారి కుదుపుకు గురైందా, ఆటో ఉన్నట్టుండి పక్కకు జరిగిందా, రోడ్డు మీద టైరు మరకలు అన్నీ ఒకేచోట వంపు తిరిగాయా, ఎర్ర మొరం చిందిందా? అక్కడ గుంత ఉంది. రోడ్డు మధ్యలో చెట్టు కొమ్మ పాతి ఉంటే ఊరివాళ్లు మీకోసమే పెట్టారు, అది మంచి లోతైన గుంతే.

లారీకి అంటుకుని పోవద్దు. గంటకు 60 కి.మీ. వేగంలో మీరు సెకనుకు 16 మీటర్లకు పైగా పోతారు. లారీ కింద నుంచి గుంత బయటపడి మీకు కనబడేసరికి చేయడానికి ఏమీ మిగలదు. లారీ ఒక కిలోమీటరు రాయిని దాటాక నిదానంగా ఒకటి నుంచి అయిదు లెక్కపెట్టండి. అయిదు పూర్తికాకముందే మీరు ఆ రాయిని దాటితే ఇంకా వెనక్కి తగ్గాలి.

5. గుంత ఎదురైంది: ఈ వరుసలో చేయండి

1) యాక్సిలరేటర్ వదలండి. అన్నిటికంటే ముందు ఇదే.

2) అద్దంలో వెనక చూడండి. వెనక బండి దగ్గరగా ఉంటే బ్రేకును రెండుసార్లు లైటుగా తాకండి, మీ బ్రేకు లైటు అతన్ని హెచ్చరిస్తుంది.

3) బండి నిటారుగా ఉన్నప్పుడే, గుంతకు ముందే బ్రేకు వేసి వేగం తగ్గించండి. బైకుకు రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా.

4) మీ వరుసలోనే తప్పించే చోటు ఉంటే జరగండి. లేకపోతే జరగవద్దు. తెల్లగీత దాటి ఎదుటివాడి వైపు పోవడం కంటే గుంతలో నెమ్మదిగా దిగడం వేయి రెట్లు నయం.

5) చక్రం గుంత అంచుకు చేరేలోపు బ్రేకు పూర్తిగా వదిలేయండి. నేను అమ్మతో చేసిన తప్పు ఇదే. బ్రేకు పట్టి ఉంటే ముందు భాగం అప్పటికే కిందికి వంగి ఉంటుంది, షాకప్‌కు ఇక దిగే చోటు ఉండదు. దెబ్బంతా రిమ్ముకు, హ్యాండిల్‌కు, మీ చేతులకు వస్తుంది.

6) బైకు మీదైతే మోకాళ్లతో ట్యాంకును బిగించి, కాళ్ల మీద బరువు వేసి సీటు నుంచి కొద్దిగా లేవండి. మోచేతులు వదులుగా ఉండాలి. చూపు గుంతలో వద్దు, గుంత దాటాక మీరు పోవాల్సిన చోట పెట్టండి. చూపు ఎటో బండి అటే.

7) నేరుగా దిగి నేరుగా ఎక్కండి. లోపల హ్యాండిల్ తిప్పకండి. బయటికి వచ్చాక నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇవ్వండి.

స్కూటీ నడిపేవారు ఇంకాస్త ముందే వేగం తగ్గించాలి. దాని చక్రాలు చిన్నవి, బైకు చక్రం పైపైన దాటే గుంతలో అవి పూర్తిగా దిగిపోతాయి. కాళ్ల దగ్గర బియ్యం బస్తానో గ్యాస్ బండనో పెడితే హ్యాండిల్ తిరగడమే కష్టమవుతుంది, గుంతల రోడ్డు మీద ఆ పని వద్దు.

కారులో గుంతను రెండు చక్రాల మధ్యకు తెచ్చి దాటించడం చాలామంది చేస్తారు. లోతు తెలిసిన చిన్న గుంతకు అది సరే. రోడ్డు కంటే పైకి లేచిన మ్యాన్‌హోల్ మూత మీద, రాయి ఉన్న గుంత మీద అలా చేస్తే ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్ పగులుతుంది.

6. తారు అంచు: మనం పట్టించుకోని ప్రమాదం

సింగిల్ రోడ్డు మీద ఎదురుగా బస్సు వస్తుంది. సైడ్ ఇవ్వడానికి ఎడమ చక్రాలను మట్టిలోకి దింపుతాం. మట్టి కొట్టుకుపోయి తారు అంచు జానెడు ఎత్తున గోడలా నిలబడి ఉంటుంది. అప్పుడు భయపడి స్టీరింగ్‌ను ఒక్కసారిగా కుడివైపు లాగితే, చక్రం అంచును రాసుకుంటూ రాసుకుంటూ హఠాత్తుగా ఎక్కి, బండి రోడ్డుకు అడ్డంగా దూసుకుపోతుంది. కార్లు పల్టీ కొట్టడానికి ఇది పెద్ద కారణం.

సరైన పద్ధతి: స్టీరింగ్ గట్టిగా నేరుగా పట్టుకోండి. గట్టిగా బ్రేకు వేయకండి. యాక్సిలరేటర్ వదిలి, ఒక పక్క మట్టిలోనే పోతూ నడక వేగానికి రండి. అంచు తక్కువగా ఉన్న చోటు చూసి, వెనక ఎవరూ లేరని నిర్ధారించుకుని, అప్పుడు ఎక్కండి. బైకుకైతే ఆగిపోయే వేగంలో, అంచుకు వీలైనంత అడ్డంగా ఎక్కించాలి. ఏటవాలుగా రాసుకుంటే చక్రం జారుతుంది.

7. వడ్ల కుప్పలు

యాసంగి కోతల తర్వాత ఏప్రిల్, మే నెలల్లో, వానాకాలం పంటకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన రోడ్ల సగం వెడల్పు వడ్లతో నిండుతుంది. ఆరబోసిన వడ్ల మీద టైరు పూసల మీద నడిచినట్టు జారుతుంది. వడ్ల మీద బ్రేకు, మలుపు రెండూ వద్దు.

అసలు ప్రాణాలు తీసేది రాత్రి. కుప్ప మీద నల్ల టార్పాలిన్, దాని చుట్టూ అంచున బరువుకు పెట్టిన రాళ్లు. నల్ల రోడ్డు మీద నల్ల కుప్ప హెడ్‌లైట్‌కు కనబడదు. కోతల కాలంలో రాత్రి ఊరి శివార్లకు రాగానే 40కి దిగండి.

రైతు సోదరులకు ఒక విన్నపం. ఆరబోయడానికి చోటు లేకే రోడ్డు మీదికి వస్తున్నారని తెలుసు. కనీసం చీకటి పడేలోపు కుప్పను తారు మీద నుంచి పక్కకు తీయండి. తీయలేకపోతే రాళ్ల బదులు ఇసుక సంచులు పెట్టి, రెండు చివర్లా రేడియం స్టిక్కర్ అంటించిన డబ్బా నిలబెట్టండి. వడ్లు ఎత్తాక రాళ్లన్నీ ఏరేయండి.

8. రాత్రి, వాన, వాగు

నీళ్లు నిండిన గుంత రాత్రి లైటుకు అద్దంలా మెరుస్తుంది, చుట్టుపక్కల తడి తారు కూడా అలాగే మెరుస్తుంది. తేడా తెలియదు. అందుకే వానలో రోడ్డు మీద కనిపించే ప్రతి నీటి మడుగూ గుంతే అనుకుని నడపండి. ఎదుటి బండి లైటు కళ్లలో పడితే రోడ్డు ఎడమ అంచును చూస్తూ వేగం తగ్గించండి.

వాగుల విషయంలో ఏ సర్దుబాటూ వద్దు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెం.మీ. వాన పడింది. అదే వానకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. చెరువు మత్తడి దుంకుతోందంటే కింద ఉన్న లోలెవల్ వంతెన మీదికి నీరు ఏ క్షణమైనా వస్తుంది.

- వంతెన అంచు దిమ్మెలు కనబడకపోతే దిగవద్దు. నీటి కింద రోడ్డు ఉందన్న గ్యారంటీ లేదు.
- పారే నీరు ఒక అడుగు లోతున్నా చిన్న కారును పక్కకు తోసేస్తుంది. బైకుకు అంత కూడా అక్కర్లేదు.
- "ఇప్పుడే ట్రాక్టర్ దాటింది" అనేది కొలమానం కాదు. ట్రాక్టర్ ఎత్తు వేరు, బరువు వేరు.
- నిలిచిన నీటిలో, అండర్ బ్రిడ్జి కింద కారు ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. ఇంజిన్‌లోకి నీళ్లు లాగుతుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో ఆ నష్టం సాధారణంగా రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అదనంగా తీసుకుని ఉండాలి.

9. గుంతలో పడ్డాక

దెబ్బ గట్టిగా తగిలిందా, పక్కకు తీసి ఆపండి. "ఏం కాలేదులే" అని అదే వేగంతో పోవద్దు. టైరు పక్క గోడ మీద చేయి పెట్టి చూడండి, ఉబ్బు ఉంటే అది ఎప్పుడైనా పేలుతుంది, స్టెపినీ వేసుకోండి. రిమ్ము వంగిందా, కింద నూనె కారుతోందా చూడండి. స్టీరింగ్ ఒకవైపు లాగుతుంటే అలైన్‌మెంట్, వణుకుతుంటే బ్యాలెన్సింగ్ చేయించాలి.

మనిషి పడితే 108కి, లేదా 112కి ఫోన్. జాతీయ రహదారి మీదైతే 1033. మెడ, వెన్ను దెబ్బ అనిపిస్తే అతన్ని లేపి కూర్చోబెట్టవద్దు, హెల్మెట్ లాగవద్దు. కేసవుతుందని భయపడి దూరంగా నిలబడకండి. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని బలవంతం చేయడానికి లేదు.

10. ఆ గుంతను పూడ్పించండి

ముందు, తెలియకుండా చేసే తప్పు: గుంత చుట్టూ రాళ్లు పెట్టడం. రాత్రి ఆ రాళ్లే ఇంకొకరిని పడేస్తాయి. కొమ్మ పాతి తెల్ల గుడ్డ కట్టండి. మెత్తటి మట్టి పోయకండి, వానకు బురదై జారుతుంది.

రోడ్డు ఎవరిదో కిలోమీటరు రాయి పైభాగం రంగు చెబుతుంది. పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ రాష్ట్ర రహదారి, నలుపో నీలమో అయితే జిల్లా లేదా నగర రోడ్డు, నారింజ అయితే గ్రామీణ రోడ్డు. రాష్ట్ర, జిల్లా రోడ్లు రోడ్లు భవనాల శాఖవి, ఊరి రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. వరంగల్, హనుమకొండ, కాజీపేట గల్లీ రోడ్లకు మహానగరపాలక సంస్థ.

ఫిర్యాదులో ఉండాల్సినవి:

- రోడ్డు పేరు, కిలోమీటరు రాయి నంబరు. చాలా రోడ్ల మీద మధ్యలో 200 మీటర్లకు ఒకటి చొప్పున 2, 4, 6, 8 అంకెలున్న చిన్న రాళ్లు కూడా ఉంటాయి, అదీ రాయండి.
- గుంత పొడవు, వెడల్పు, లోతు. అడుగు స్కేలు చాలు.
- మూడు ఫొటోలు: దూరం నుంచి, దగ్గర నుంచి పక్కన హెల్మెట్ పెట్టి, కిలోమీటరు రాయితో కలిపి
- అక్కడ ఎవరైనా పడి ఉంటే తేదీ

జాతీయ రహదారికి 1033, లేదా రాజ్‌మార్గ్‌యాత్ర యాప్. గ్రామ సడక్ యోజన రోడ్డుకు మేరీ సడక్ యాప్, ఆ రోడ్లకు కట్టిన కాంట్రాక్టరే 5 ఏళ్లు నిర్వహణ చూడాలి. మిగతావాటికి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. కాగితం ఇచ్చి రసీదు తీసుకోకుండా రావద్దు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్‌ను ఫిర్యాదులో ఒక వాక్యంగా రాయండి: నిర్వహణ ప్రమాణాలు పాటించక మరణం, వైకల్యం సంభవిస్తే బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది.

నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. జిల్లా కార్యాలయంలో 10 రూపాయల రుసుము, 30 రోజుల్లో జవాబు రావాలి. మూడే అడగండి: చివరగా ఎప్పుడు పని చేశారు, కాంట్రాక్టర్ లోపాలు సరిచేయాల్సిన గడువు ఎప్పటిదాకా, ఆ పనికి సంబంధించిన ఎంబీ (చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్) రికార్డు నకలు.

ప్యాచ్ వేసిన రోజు వెళ్లి చూడండి. గుంత అంచులను నలుచదరంగా కోసి, దుమ్ము ఊడ్చి, తారు చల్లి, మిశ్రమం పోసి, రోలర్‌తో తొక్కించి ఉండాలి. నీళ్ల మీదనే కంకర పోసి పారతో తట్టి వెళ్తే ఫొటో తీసి పెట్టుకోండి. మా అమ్మ పడ్డ చోట మొదటిసారి వేసిన ప్యాచ్ అలాంటిదే, రెండో వానకే లేచిపోయింది. పాత రసీదు నంబరు పైన రాసి, కొత్త ఫొటో జతచేసి మళ్లీ ఇచ్చాను. ఆ తర్వాత వేసినది ఇప్పటికీ నిలిచి ఉంది.